జెండా ఎగిరే పుట్టినరోజు

డెన్మార్క్‌లో పుట్టినరోజంటే ఇంటి తలుపు తెరుచుకునే రోజు. ఆ తలుపు ముందు నిలిచిన పరదేశికి తెలియవలసినవి కొన్ని ఉన్నాయి.

డెన్మార్క్‌లో కొత్తగా కాపురం పెట్టిన భారతీయుడు తొలి వారాలలో ఒక దృశ్యం చూసి తికమకపడుతూ ఉంటాడు. ఒక ఉదయం ఎదురింటి తోటలో పొడవాటి తెల్లని కొయ్యపై దేశపు జాతీయ పతాకం రెపరెపలాడుతూ ఉంటుంది. గేటు నుండి గడప దాకా దారికి ఇరువైపులా అవే జెండాలు, చిన్నవి, వరుసగా గుచ్చి ఉంటాయి. ఇది స్వాతంత్ర్య దినోత్సవమా, లేక ఎవరైనా మంత్రివర్యులు విచ్చేస్తున్నారా అని అతడు ఆలోచనలో పడతాడు. తీరా విచారిస్తే, ఆ ఇంటి పాపకు ఆనాటితో ఆరేళ్ళు నిండాయని తెలుస్తుంది.

ఎర్రని నేలపై తెల్లని శిలువ గల ఆ పతాకాన్ని డేన్లు ‘డానెబ్రో’ అంటారు. 1219లో రెండవ వాల్డెమార్ రాజు నేటి ఎస్తోనియా రాజధాని టాలిన్ వద్ద యుద్ధం చేస్తుండగా అది ఆకాశం నుండి జారిపడిందని వారి ఐతిహ్యం. ఆకాశం నుండి పడిన జెండా ఇంటింటి జెండా కావడానికి మాత్రం ఆరువందల ఏళ్ళకు పైగా పట్టింది. ప్రజలు సొంతంగా జెండా ఎగరవేయడాన్ని 1834లో రాజు నిషేధించాడు. 1848–50 నాటి యుద్ధంలో దేశాభిమానం వెల్లువెత్తింది. 1854లో ఆ నిషేధం తొలగిపోయింది. అప్పటినుండి డానెబ్రో రాజుగారి సొత్తు కాదు, ప్రజల సొత్తు. పెళ్ళికీ, పుట్టినరోజుకూ, దూరదేశం నుండి తిరిగివచ్చే బంధువును విమానాశ్రయంలో ఎదుర్కోవడానికీ డేన్ల చేతిలో ఆ చిన్న జెండా ఉండవలసిందే. రాజకుటుంబీకుల పుట్టినరోజులలో కోపెన్‌హాగెన్ నగరపు బస్సులు సైతం జెండాలు కట్టుకుని తిరుగుతాయి.

భారతీయుడికి ఇది వింతగా తోచడంలో ఆశ్చర్యం లేదు. మన దేశంలో జాతీయ పతాకం పట్ల భక్తితోపాటు భయం కూడా ఉన్నది. సామాన్య పౌరుడు ఏడాది పొడవునా తన ఇంటిపై త్రివర్ణ పతాకాన్ని ఎగరవేసుకోవడానికి వీలు కలిగింది 2002లో అమలులోకి వచ్చిన పతాక నియమావళితోనే. త్రివర్ణాలు వేసిన కేకును కోయడం జెండాకు అవమానమా కాదా అన్న వివాదం న్యాయస్థానం దాకా వెళ్ళింది. అది నేరం కాదని 2021లో మద్రాసు హైకోర్టు తీర్పు చెప్పవలసి వచ్చింది. డేన్లకు మాత్రం పుట్టినరోజు కేకుపై జెండా గుచ్చకపోతేనే లోటు. అలాగని వారికి జెండా అంటే లెక్కలేదనుకోరాదు. కొయ్యపై ఎగిరే పతాకాన్ని సూర్యాస్తమయానికి దించివేయాలనీ, నేలకు తగలనీయరాదనీ పిల్లలకు సైతం తెలుసు. వారి దృష్టిలో గౌరవమూ సంతోషమూ ఒకదానికొకటి అడ్డు కావు.

వేకువ పాట

డేనిష్ కుటుంబంలో పుట్టినరోజు తెల్లవారకముందే మొదలవుతుంది. ఇంటిల్లిపాదీ చేతుల్లో చిన్న జెండాలతో, కానుకలతో, నిద్రిస్తున్నవారి మంచం చుట్టూ చేరి పాట అందుకుంటారు. ప్రపంచమంతటా వినిపించే ఆంగ్ల గీతం వారికి తెలియనిది కాదు. కాని వారి సొంత పాట వేరే ఉన్నది. అందులో పుట్టినరోజు పిల్లవాడి పేరు వస్తుంది, అతనికి కానుకలు వస్తాయి, వేడివేడి చాక్లెట్ పానీయమూ కేకులూ వస్తాయి. పాటలో వచ్చినవన్నీ ఆ రోజు బల్లమీదకు కూడా రావాలన్నది పిల్లల పట్టుదల. అందుకే ఆనాటి ఉదయం మెత్తని తీపిరొట్టెలు, వెన్న, వేడి కోకో సిద్ధంగా ఉంటాయి.

మధ్యాహ్నం పిల్లల వేడుకలో కేకుదే అగ్రస్థానం. పెద్దలకు ప్రీతిపాత్రమైనది పండ్లూ మీగడా నింపిన పొరల కేకు. ఫ్యూన్ ద్వీపం వారైతే వెన్న, ముదురు చక్కెర కరిగించి పైన పోసిన ‘బ్రున్స్‌వీగర్’ లేకుండా పుట్టినరోజు జరిగిందని ఒప్పుకోరు. ఇక పిల్లలు ఎదురుచూసేది ‘కేకు మనిషి’ కోసం. మనిషి ఆకారంలో కాల్చి, చక్కెర పూతతో, మిఠాయిలతో అలంకరించిన రొట్టె అది. ఆడపిల్ల పుట్టినరోజైతే దానికి జడలు వస్తాయి. పుట్టినరోజు బిడ్డ కత్తి తీసుకుని మొదట ఆ బొమ్మ మెడ కోయాలి. కోస్తుండగా చుట్టూ ఉన్న పిల్లలంతా గొంతు చించుకుని కేకలు వేయాలి. బొమ్మ తరఫున ఆర్తనాదమన్నమాట! మొదటిసారి చూసిన పరదేశి తల్లిదండ్రులు అదిరిపడతారు. వారి పిల్లలు మాత్రం నిమిషంలో ఆ గుంపులో కలిసి అందరికంటె బిగ్గరగా అరుస్తారు.

పాఠశాల పిల్లల పుట్టినరోజులకు మరొక మర్యాద ఉన్నది. పిలిస్తే తరగతి మొత్తాన్ని పిలవాలి; అది కాకుంటే ఆడపిల్లలందరినీ, లేదా మగపిల్లలందరినీ పిలవాలి. పదిమందిని పిలిచి ఇద్దరిని వదిలివేయడం తప్పు. ఈ నియమం వల్ల ఎక్కువ మేలు పొందేది పరదేశి పిల్లలే. భాష రాకపోయినా, ఇంకా స్నేహం కుదరకపోయినా ఆహ్వానపత్రం వారి సంచిలోకి కూడా చేరుతుంది. ‘మా వాడు మాంసం తినడు’, ‘జెలాటిన్ కలిసిన మిఠాయిలు మాకు పనికిరావు’ అని ముందుగా ఒక మాట చెబితే డేనిష్ తల్లులు శ్రద్ధగా వేరే ఏర్పాటు చేస్తారు. చెప్పకుండా మొగమాటపడి, అక్కడికి వెళ్ళిన తరువాత పిల్లవాడి చేతిలోని తినుబండారం లాక్కోవడమే వారికి నొప్పి కలిగిస్తుంది.

కేకు ఎవరు తేవాలి?

కార్యాలయంలో పుట్టినరోజు నాడు ఉదయమంతా ఎదురుచూసి, సాయంకాలం చిన్నబుచ్చుకున్న మొగంతో ఇంటికి వెళ్ళిన పరదేశీయుల కథలు కోపెన్‌హాగెన్‌లో తరచు వినిపిస్తాయి. సహోద్యోగులు తన కోసం రహస్యంగా కేకు తెచ్చి ఆశ్చర్యపరుస్తారని వారి ఊహ. కాని డెన్మార్క్‌లో సంప్రదాయం తలకిందులు. పుట్టినరోజు ఎవరిదో కేకు వారే తేవాలి. ఉదయం అయితే తాజా రొట్టెలు, జున్ను. మధ్యాహ్నం అయితే కేకు. వాటిని భోజనశాలలో ఉంచి, ఈ రోజు నా పుట్టినరోజు, రండి అని అందరికీ తెలియజేయాలి. అప్పుడు అందరూ వస్తారు, జెండా నిలబెడతారు, పాట పాడతారు. చెప్పనివారి పుట్టినరోజు ఎవరికీ తెలియకుండా గడిచిపోతుంది.

ఈ ఆచారం అమెరికా నుండి వచ్చినవారికి వింత గాని, మనకు కాదు. మన బడులలో పుట్టినరోజు నాడు కొత్తబట్టలు తొడుక్కుని, డబ్బా నిండా చాక్లెట్లు పట్టుకుని, తోడుగా ఒక స్నేహితుణ్ణి వెంటబెట్టుకుని తరగతి తరగతికీ తిరిగి పంచినవారం మనమే కదా. పుట్టిన వాడు పెట్టాలి, తిన్నవారు దీవించాలి అన్నది మన ఇళ్ళలోనూ ఉన్న మాటే. పెద్ద ఉద్యోగంలో చేరిన తరువాత ఆ బడిపిల్లవాడి అలవాటును మళ్ళీ గుర్తుచేసుకుంటే చాలు. సగం డెన్మార్క్ అర్థమైనట్లే.

శుభాకాంక్షలు చెప్పే తీరులో కూడా ఒక చక్కని విశేషం ఉన్నది. ‘టిల్లూక్కె’ అన్నది వారి అభినందన పదం. భాగ్యానికి, ఆనందానికి అని దాని భావం. దానిని పుట్టినరోజు జరుపుకునేవారికి మాత్రమే చెప్పి ఊరుకోరు. తల్లితో ‘మీ అబ్బాయి విషయంలో మీకు టిల్లూక్కె’ అంటారు. భర్తతో ‘మీ ఆవిడ పుట్టినరోజుకు మీకు టిల్లూక్కె’ అంటారు. ఒక మనిషి పుట్టడం ఆ మనిషికే కాదు, అతడు దక్కిన వారందరికీ భాగ్యమే అన్న భావన అందులో ఉన్నది. బిడ్డ పుట్టినరోజున కన్నతల్లిని తలచుకోవాలని మన పెద్దలు చెప్పేదీ అదే.

మూడు వారాల ముందు పిలుపు

డేన్లు మర్యాదస్తులు; కాని తొందరగా చనువు ఇచ్చేవారు కారు. బస్సులో పక్కన కూర్చున్నవారితో మాట కలపరు. వారి స్నేహబృందాలు చాలావరకు చిన్ననాటి బడిలోనే ఏర్పడి, జీవితాంతం సాగుతాయి. పనివేళ ముగియగానే అందరూ ఎవరి ఇంటికి వారు చేరుకుంటారు. తలుపు తట్టి ‘ఇటు వెళుతూ చూసిపోదామని వచ్చాం’ అనే తెలుగువారి సరసం అక్కడ చెల్లదు. నడి శీతకాలంలో కోపెన్‌హాగెన్‌లో పగటి వెలుతురు దాదాపు ఏడు గంటలే. మధ్యాహ్నం నాలుగు కాకముందే చీకటి. ఆ చీకటిలో, కిటికీల వెనుక కొవ్వొత్తులు వెలిగించుకుని కూర్చున్న కుటుంబాలను వీధి నుండి చూస్తూ నడిచే ఒంటరి పరదేశికి ‘వీరి లోపలికి నేను ఎప్పటికైనా వెళ్ళగలనా?’ అన్న ప్రశ్న కలగడం సహజం. మంచి జీతం, శుభ్రమైన వీధులు, సకాలంలో వచ్చే రైళ్ళు అన్నీ ఉండి కూడా కొందరు రెండేళ్ళకే మూటాముల్లె సర్దుకుని వెళ్ళిపోవడానికి ఈ ఒంటరితనం ఒక కారణం.

పుట్టినరోజు విలువ తెలిసేది ఇక్కడే. ఊరికే ఇంటికి పిలవని డేన్, పుట్టినరోజుకు పిలుస్తాడు. ఊరికే మన ఇంటికి రాని డేన్, పుట్టినరోజుకు పిలిస్తే తప్పక వస్తాడు. అయితే పిలుపు మూడు నాలుగు వారాల ముందే అందాలి. ఆహ్వానంలో ‘జవాబు కోరుతున్నాం’ అని సూచించే రెండక్షరాలు ఉంటాయి. వస్తున్నామో లేదో గడువులోగా తెలపకపోవడం అమర్యాద. ఆరు గంటలకు అంటే ఆరు గంటలకే. అయిదు నిమిషాలు ముందుగా చేరినవారు వీధి చివర నిలబడి గడియారం చూసుకోవడం కూడా కద్దు. లోపల అడుగుపెట్టిన అతిథి గుంపు మొత్తానికి ఒక నమస్కారం చేసి కూర్చోరాదు. ఒక్కొక్కరి వద్దకూ వెళ్ళి, చేయి కలిపి, తన పేరు చెప్పాలి. ముప్పైమంది ఉంటే ముప్పైసార్లు.

కానుకను అందరి ఎదుటా విప్పి చూసి, మెచ్చుకుని, కృతజ్ఞత చెప్పాలి. ఇచ్చినవారి ఎదుట విప్పడం తగదని భావించే మనవారికి మొదట ఇది కొంత ఇబ్బందే. పొట్లంపై అంటించిన చిన్న చీటీ చూసి కూడా కంగారుపడనక్కరలేదు; కానుక నచ్చకపోతే దుకాణంలో మార్చుకోవడానికి అది వీలు కల్పిస్తుంది. ఏమి కావాలో జాబితా రాసి బంధుమిత్రులకు ముందుగానే పంపడం కూడా వారిలో పరిపాటి. అపార్టుమెంటులో వేడుక చేసేవారు మెట్లదారి గోడపై ఒక కాగితం అంటిస్తారు: శనివారం రాత్రి మా ఇంట పుట్టినరోజు, కొంచెం సందడిగా ఉండవచ్చు, మరీ ఇబ్బంది అయితే తలుపు తట్టండి అని. విందు జరిగిన తరువాత మళ్ళీ కలిసినప్పుడు ఆ నాటి ఆతిథ్యాన్ని తలచి ‘మొన్నటికి కృతజ్ఞతలు’ అనడం తప్పనిసరి. ఆ ఒక్క మాట మరచిపోని పరదేశిని చూసి డేన్లు మురిసిపోతారు.

అతిథులు కట్టిన పాట

ముప్పై, నలభై, యాభై, అరవై వంటి సున్నాతో ముగిసే ఏళ్ళను వారు ‘గుండ్రని పుట్టినరోజులు’ అంటారు. అవి చిన్నపాటి పెళ్ళిళ్ళను తలపిస్తాయి. పొడవాటి బల్లల వద్ద, ఎవరి చోట వారి పేరు రాసిన చీటీ ముందు కూర్చుని, అయిదారు గంటల పాటు భోజనం సాగిస్తారు. నడుమ ఉపన్యాసాలు, నడుమ పాటలు. ఆ పాటలు ముందుగా ఉన్నవి కావు. అందరికీ తెలిసిన ఒక పాత వరసను తీసుకుని, మిత్రులో బంధువులో పుట్టినరోజు వ్యక్తి జీవితంపై కొత్త చరణాలు కడతారు. బాల్యపు అల్లరి, తొలి ఉద్యోగం, కారు నడపడంలో చేతకానితనం ఏదీ వదలరు. అచ్చువేసిన ప్రతులు అతిథులందరికీ పంచుతారు. పాట చివర అందరూ లేచి నిలబడి జయధ్వానాలు చేస్తారు. అర్ధరాత్రి వేళ మళ్ళీ కొంచెం వేడి ఆహారం వడ్డిస్తారు. ఇక ఇళ్ళకు బయలుదేరవచ్చునని అది సున్నితమైన సూచన.

కలిసి పాడటం డేన్లకు చిన్ననాటి నుండి వచ్చిన విద్య. 1844లో రోడింగ్‌లో మొదలైన జానపద ఉన్నత పాఠశాలలు, వాటికి ప్రేరణ ఇచ్చిన గ్రుండ్‌విగ్ భావాలు ఆ అలవాటును దేశమంతటా నాటాయి. ఆ పాఠశాలల పాటల పుస్తకం తొలిసారి 1894లో వెలువడింది. 2020లో పందొమ్మిదవ కూర్పు వచ్చింది. భాష సరిగా రాని పరదేశికి కూడా ఈ గానసభలో చోటున్నది. వరస పదిమందితో కలిసి వస్తుంది. మాటలు కాగితంపై కళ్ళెదుట ఉంటాయి. ఆ దేశంలో కొన్నేళ్ళు గడిపిన తరువాత, తన పుట్టినరోజున తనపై కట్టిన పాట ప్రతి చేతికి వచ్చిననాడు ఆ పరదేశికి ఒక సంగతి తెలుస్తుంది: తన ఉచ్చారణను, కారం మోతాదును, చలికి వేసుకునే నాలుగు పొరల బట్టలను వీరు ఇన్నాళ్ళూ గమనిస్తూనే ఉన్నారు! డేన్లు ఎగతాళి చేసేది తమవారనుకున్న వారినే.

పెళ్ళికాని యువతీయువకుల విషయంలో ఈ ఎగతాళి చేతల్లోకి దిగుతుంది. ఇరవై అయిదేళ్ళు నిండినా అవివాహితులుగా ఉన్నవారిని మిత్రులు పట్టుకుని తల నుండి పాదాల దాకా దాల్చినచెక్క పొడి చల్లుతారు. ముప్పై నిండినా మారకపోతే మిరియాల పొడి వంతు! ఇంటి ముందు ఖాళీ నూనె పీపాలతో పెద్ద మిరియాల సీసా ఆకారం నిలబెట్టడమూ ఉన్నది. పెళ్ళికాని మగవాడిని డేనిష్ భాషలో ‘మిరియాల బ్రహ్మచారి’ అనే అర్థమిచ్చే పేరుతో పిలుస్తారు. పూర్వం ఊరూరా తిరుగుతూ సుగంధ ద్రవ్యాలు అమ్మిన వర్తకుల గుమాస్తాలు పెళ్ళి చేసుకోకుండా ఉండిపోయేవారనీ, ఆ పేరు వారి నుండే వచ్చిందనీ చెబుతారు. మన తీరాల మిరియం ఎక్కడెక్కడికి పయనించి ఎవరి తలపై పడిందో!

చరిత్రలో నిలిచిన పుట్టినరోజులు

ఈ చిన్న దేశపు చరిత్రలో కొన్ని పుట్టినరోజులు పెద్ద మలుపులకు సాక్షులు. 1864 యుద్ధంలో ఓడి, దక్షిణ జట్లాండ్ ప్రాంతాన్ని డెన్మార్క్ పోగొట్టుకున్నది. 1920 వరకు అక్కడి డేన్లు సొంత గడ్డపైనే పరాయి పాలనలో బతికారు. డానెబ్రో ఎగరవేయడం నిషిద్ధం. వారు కూడే సభాగృహాలకు మద్యం అమ్మే అనుమతి దొరకలేదు. అప్పుడు ఆడవారు పూనుకుని కాఫీ, రకరకాల కేకులు ఇళ్ళ నుండి తెచ్చి బల్లలు నింపారు. వాటి చుట్టూ చేరి డేనిష్ పాటలు పాడుకున్నారు. ఏడు మెత్తని రకాలు, ఏడు గట్టి రకాలతో నిండిన ‘దక్షిణ జట్లాండ్ కాఫీ బల్ల’ నేటికీ ఆ ప్రాంతపు పుట్టినరోజులలో కనిపిస్తుంది. ఆ తీపి వెనుక ఒక జాతి మొండి పట్టుదల ఉన్నది.

1940 ఏప్రిల్ 9న జర్మనీ సేనలు డెన్మార్క్‌ను ఆక్రమించాయి. సరిగా వారం తరువాత, ఏప్రిల్ 16న యువరాజు ఇంట మార్గ్రెథె జన్మించింది. ఆ శిశువు పుట్టుక చీకటిలో దీపంలా తోచింది ప్రజలకు. ఆ సెప్టెంబరు 26న ఆమె తాతగారు పదవ క్రిస్టియన్ రాజుకు డెబ్బై ఏళ్ళు నిండాయి. ఆ సందర్భంగా వెలువడిన చిన్న రాజముద్ర బిళ్ళను ప్రజలు కోటుపై ధరించి, నోటితో చెప్పలేని మాటను దానితో చెప్పారు. రెండేళ్ళ తరువాత, 1942లో, రాజుగారి పుట్టినరోజుకు హిట్లర్ నుండి సుదీర్ఘమైన అభినందన తంతి వచ్చింది. రాజు ఒక్క పొడి వాక్యంలో కృతజ్ఞత తెలిపి ఊరుకున్నాడు. హిట్లర్ మండిపడ్డాడు, తన రాయబారిని వెనక్కు పిలిపించాడు, డెన్మార్క్‌లో ప్రభుత్వమే మారవలసి వచ్చింది. ఒక పుట్టినరోజు ప్రత్యుత్తరం ఇంత కలకలం రేపడం అరుదు.

విజ్ఞాన చరిత్రలోనూ ఒక పుట్టినరోజు ఉన్నది. 1935 అక్టోబరు 7న భౌతిక శాస్త్రవేత్త నీల్స్ బోర్‌కు యాభై ఏళ్ళు నిండాయి. డేన్లు చందాలు వేసుకుని లక్ష క్రోనర్లు కూడగట్టి, 0.6 గ్రాముల రేడియం కొని ఆయనకు కానుకగా ఇచ్చారు. ఆ తలంపు వెనుక ఉన్నవాడు జార్జి హెవేషీ. హంగరీలో పుట్టి, హిట్లర్ జర్మనీని వదిలి కోపెన్‌హాగెన్‌లో తలదాచుకున్న పరదేశి. జీవుల శరీరంలో పదార్థాల కదలికను రేడియోధార్మిక పరమాణువుల ద్వారా పసిగట్టే ఆయన పరిశోధనలకు ఆ కానుక ఎంతగానో తోడ్పడింది. ఆ పద్ధతికే హెవేషీకి 1943 సంవత్సరపు రసాయన శాస్త్ర నోబెల్ బహుమతి లభించింది. ఆశ్రయమిచ్చిన మిత్రుడి పుట్టినరోజుకు ఒక పరదేశి తలపెట్టిన కానుక, చివరకు లోకానికంతటికీ కానుక అయింది.

ఆనాటి శిశువు మార్గ్రెథె 1972లో రాణి అయింది. 2020 మార్చిలో మహమ్మారి విజృంభించినప్పుడు ఆమె టెలివిజన్‌లో ప్రజలనుద్దేశించి మాట్లాడుతూ, ఇంకా కొందరు గుండ్రని పుట్టినరోజులు జరుపుకుంటున్నారనీ, అది ఆలోచన లేని పని, ఇతరులను లెక్కచేయని పని అనీ గట్టిగా మందలించింది. మరుసటి నెలలో తన ఎనభయ్యవ పుట్టినరోజు ఉత్సవాలను తానే రద్దు చేసుకున్నది. తనకు పంపదలచిన పూలను దేశంలోని వృద్ధులకు పంపమని కోరింది. ఆ రోజు మధ్యాహ్నం ప్రజలు ఎవరి ఇళ్ళలో వారు, కిటికీల వద్ద, మేడల అంచున నిలబడి ఆమె కోసం పాడారు. కలవలేని రోజున కూడా పాట మానలేదు. 2024 జనవరి 14న ఆమె సింహాసనాన్ని కుమారుడు పదవ ఫ్రెడెరిక్‌కు అప్పగించింది.

ఏది నిజమైన పుట్టినరోజు?

డెన్మార్క్‌లో నివసించే ప్రతి ఒక్కరికీ పది అంకెల సంఖ్య ఒకటి ఉంటుంది. 1968లో ఏర్పడిన జనాభా పట్టిక నుండి వచ్చే ఆ సంఖ్యలో మొదటి ఆరు అంకెలు పుట్టిన తేదీ, నెల, సంవత్సరం. వైద్యుడి వద్దకు వెళ్ళినా, బ్యాంకులో ఖాతా తెరిచినా, గ్రంథాలయంలో పుస్తకం తీసుకున్నా అదే అడుగుతారు. అంటే అక్కడ మనిషి పేరు కంటె ముందు పుట్టినరోజు చెప్పుకోవాలి.

పుట్టినరోజు తెలియనివారి సంగతి ఏమిటి? యుద్ధాల నుండి పారిపోయి వచ్చినవారిలో అనేకులకు పుట్టిన సంవత్సరమే స్థూలంగా తెలుసు. అటువంటివారిని జనవరి 1న పుట్టినట్లు నమోదు చేయడం వాడుక. ఆ విధంగా నమోదైనవారు ఎంతమంది అయ్యారంటే, 1965 జనవరి 1న పుట్టిన పురుషులకు ఇవ్వవలసిన సంఖ్యలు అయిపోయి, 2007 నుండి సంఖ్యలు కూర్చే లెక్కనే సడలించవలసి వచ్చింది.

తెలుగువారికి ఇది నవ్వు తెప్పించే సంగతి కాదు, తెలిసిన సంగతి. బడిలో చేర్చేనాడు ప్రధానోపాధ్యాయుడు వేసిన తేదీయే మన ఊళ్ళలో ఒక తరానికంతటికీ పుట్టినరోజు. జూన్, జూలై నెలల మొదటి తేదీలలో పుట్టినట్లు పత్రాలున్న పెద్దలు ప్రతి కుటుంబంలోనూ ఉన్నారు. అసలు పుట్టుక తల్లి జ్ఞాపకంలో ఉంటుంది: కార్తీక మాసమనీ, రోహిణీ నక్షత్రమనీ, తుపాను వచ్చిన మరునాడనీ. అటువంటి తండ్రి కొడుకు వద్ద కొన్నాళ్ళు ఉందామని కోపెన్‌హాగెన్ వెళితే, పత్రంలోని తేదీన ఇరుగుపొరుగు డేన్లు జెండాలు పట్టుకుని వచ్చి పాడతారు. నక్షత్రం ప్రకారం వచ్చే రోజున ఇంటివారు పాయసం వండుతారు. రెండూ సంతోషంగా స్వీకరించడమే తెలివైన పని. ఆయుష్షు కోరేవారు రెండుసార్లు కోరితే నష్టమేమున్నది?

పాయసం గిన్నె పక్కన

డేన్లకూ తెలుగుకూ పరిచయం నిన్న మొన్నటిది కాదు. డేనిష్ రాజు ప్రాపకంలో తమిళ తీరపు తరంగంబాడిలో నడిచిన క్రైస్తవ మిషనుకు 1719లో వచ్చిన బెంజమిన్ షుల్జ్ అనే జర్మన్, 1728లో తెలుగుకు వ్యాకరణం రచించాడు. బెంగాల్‌లో డేన్ల ఏలుబడిలో ఉండిన శ్రీరాంపూర్‌లో విలియం కేరీ 1814లో తెలుగు వ్యాకరణం అచ్చువేశాడు. ఆ రెండు పట్టణాలనూ డేన్లు 1845లో ఆంగ్లేయ కంపెనీకి అమ్మివేశారు. ఆనాడు ఓడలు అక్కడి నుండి ఇక్కడకు వచ్చేవి. ఈనాడు విమానాలలో మన ఇంజనీర్లు, పరిశోధకులు అక్కడకు వెళుతున్నారు.

వారి ఇళ్ళలో పుట్టినరోజు రెండు గడియారాల ప్రకారం నడుస్తుంది. చలికాలంలో భారతదేశపు కాలం నాలుగున్నర గంటలు ముందు. అక్కడ ఇంకా తెల్లవారకముందే అమ్మ ఫోను మోగుతుంది: “తలంటు పోసుకున్నావా తల్లీ? దేవుడి దగ్గర దీపం పెట్టావా?” సాయంకాలం డేనిష్ మిత్రులు సరిగా చెప్పిన వేళకు వస్తారు. గుడ్డు వేయని కేకు పక్కన సేమ్యా పాయసం, పులిహోర ఉంటాయి. దీపం ఆర్పడం అశుభమని పెద్దలు గొణుగుతారు. కేకుపై కొవ్వొత్తులు ఊదే ముందు దేవుడి గూట్లో దీపం వెలిగించి రాజీ కుదుర్చుకుంటారు. ఇంటి పెద్ద అక్షింతలు వేసి దీవిస్తుంటే, తలపై పడిన పసుపు బియ్యపు గింజలను డేన్లు దులిపివేయకుండా శ్రద్ధగా ఉంచుకుంటారు. పిమ్మట ఎవరో సంచిలో నుండి కాగితపు డానెబ్రో తీసి పాయసం గిన్నె పక్కన నిలబెడతారు.

ఇతర దేశాల జెండాలను కొయ్యలపై ఎగరవేయడాన్ని కట్టడి చేస్తూ డెన్మార్క్‌లో 2025 జనవరి 1 నుండి ఒక చట్టం అమలులోకి వచ్చింది. దానిపై వాదోపవాదాలు జరిగాయి. బల్లమీది కాగితపు జెండా ఆ వాదాలకు అందదు. మన దేశపు జెండా కాకుండా వీరి జెండా ఎందుకు అని మొదట్లో నొచ్చుకున్న పరదేశీయులు కూడా కాలక్రమాన దాని భాష నేర్చుకుంటారు. తోటలో ఎగిరినప్పుడు, కేకుపై గుచ్చినప్పుడు ఆ జెండా దేశం పేరు చెప్పదు. ఈ ఇంట ఒక మనిషి పుట్టాడు, అతడు ఉన్నందుకు మేము సంతోషిస్తున్నాం అని మాత్రమే చెబుతుంది. పుట్టిన ఊరికి వేల మైళ్ళ దూరంలో ఆ మాట చెప్పేవారు నలుగురు దొరికితే, పరదేశం అన్న మాటలోని చేదు చాలావరకు విరిగిపోతుంది.